ఆరువందల టెరాబైట్ల బరువెంత?

"దొంగసొత్తు బరువెంత?" అని అడిగాడు తూకాలాయన.

గదిలో ఉన్నవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పోయింది బియ్యం బస్తాలైతే ఆ ప్రశ్నకు అర్థముంది. పోయినవి కంటి ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా రోగుల కళ్ళకు తీసిన ఫోటోలు. అవన్నీ పై అంతస్తులో ఒక చల్లటి గదిలో, కంప్యూటర్లలో ఉండేవి. మూడు రోజుల సెలవుల తర్వాత మంగళవారం ఉదయం ఆసుపత్రి తెరిచి చూస్తే ఒక్కటంటే ఒక్కటి లేదు. తెర మీద మాత్రం రెండు వాక్యాలున్నాయి: "ఫోటోలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. బేరానికి మళ్ళీ వస్తాం."

"డేటాకి బరువేమిటి అంకుల్!" అన్నాడు నిపుణుడు నవ్వాపుకుంటూ. ఇతను నాలుగేళ్ళ క్రితం ఈ ఆసుపత్రికి ఆ కంప్యూటర్లన్నీ అమర్చిన కంపెనీ యజమాని. పోలీసుల్లో ఈ విద్య తెలిసినవాడు దొరక్క, ఇన్‌స్పెక్టరు ఇతన్నే సాయానికి పిలిపించుకున్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నలగని మొహం.

తూకాలాయన నవ్వలేదు. ఆయన ఇరవై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, విసుగెత్తి మానేసి, డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. శాఖ వదిలినా బుద్ధి వదల్లేదు. ఏ దొంగతనానికి పిలిచినా ముందు బరువెంత అంటాడు, తర్వాత ఎక్కడ పెట్టుకుంటాడు అంటాడు. ఎవరు చేశారన్నది ఆయనకు మూడో ప్రశ్న. అందుకే ఆ పేరు.

"సరే, బరువు వద్దు. మొత్తం ఎంత ఉంటుంది?"

"ఆరువందల టెరాబైట్లు."

"ఎలా వెళ్ళింది?"

"ఇంటర్నెట్లో. ఈవిడ పాస్‌వర్డుతో." నిపుణుడు గడ్డంతో బల్లకు అవతలివైపు చూపించాడు. అక్కడ కూర్చున్నది పైనున్న ఆ చల్లటి గదికి కాపలాదారు లాంటి ఉద్యోగి. ఫోటోల భద్రత, వాటి నకళ్ళు, అన్నీ ఆమె చూడాల్సిన పని. ముప్పై ఏళ్ళుంటాయి. పక్కనే మహిళా కానిస్టేబులు. మధ్యాహ్నం మూడింటికి ఆమెను కోర్టులో హాజరుపరచాలి, ఆ తర్వాత జైలే. ఇప్పుడు పదకొండున్నర.

"ఈ ఆసుపత్రి ఇంటర్నెట్టు గొట్టం ఎంత లావు?"

నిపుణుడు చెప్పాడు. తూకాలాయన జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే ఏదో లెక్క వేసుకుని, చెయ్యి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాడు. "ఇది చెరువుకు గడ్డిపరక పెట్టి పీల్చడం లాంటిదండీ. ఆ గొట్టంలో ఇంకే పనీ జరక్కుండా రాత్రింబవళ్ళు పంపినా దగ్గర దగ్గర రెండు నెలలు పడుతుంది. సెలవులు మూడు రోజులు."

ఇన్‌స్పెక్టరు నిపుణుడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వీ మాట చెప్పలేదే?"

"లెక్క కరెక్టే సార్," అన్నాడు నిపుణుడు తొణక్కుండా. "అయితే డిస్కుల్లోకి ఎక్కించుకుని పట్టుకుపోయింది. పెద్ద డిస్కులు ముప్పై చాలు. ఒక్కోటి అరచేతిలో పడుతుంది. రోజుకి రెండు మూడు చొప్పున లంచ్ బ్యాగులో పెట్టుకెళ్తే ఎవడడుగుతాడు? నేనుండగానే సాక్ష్యాలు సీలు వేయిద్దాం, నా ల్యాబులో తెరిచి చూస్తే అన్నీ బయటపడతాయి." అని లేచి పైకి వెళ్ళిపోయాడు.

మాట మార్చడానికి క్షణం పట్టలేదు అతనికి. తూకాలాయన అది గమనించాడు గానీ, అదొక్కటే పట్టుకుని ఊగడానికి లేదనుకున్నాడు. మాట మార్చేవాళ్ళంతా దొంగలైతే ఆయన పాత శాఖ మొత్తాన్ని లోపలెయ్యాలి.

"నేను ఈవిడతో మాట్లాడొచ్చా?"

"అందుకేగా వాళ్ళ అత్తగారు మిమ్మల్ని పెట్టుకున్నది. కానివ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతను చెడ్డవాడు కాడు. కేసు త్వరగా తేలితే చాలనుకునే రకం.

"శుక్రవారం సాయంత్రం ఎన్నింటికి వెళ్ళావమ్మా?"

"ఐదున్నరకండీ. మళ్ళీ శనివారం పొద్దున వచ్చాను. ఏసీ మోగుతోందని సెక్యూరిటీవాళ్ళు ఫోన్ చేస్తే. ఓ రెండు గంటలున్నాను. అంతే."

"ఏసీ ఎందుకు మోగింది?"

"గది కాస్త వేడెక్కింది. బటన్ నొక్కి ఆపేసి, చలి పెంచి వచ్చేశాను."

"ఎందుకు వేడెక్కిందో చూడలేదా?"

ఆమె తల దించుకుంది. "లేదండీ."

"నకళ్ళున్న టేపుల సంగతేమిటి?" ఈ ప్రశ్న ఇన్‌స్పెక్టరుది. "సగం టేపులు చదవడానికే రావడం లేదటగా? అసలు పోయినా నకలుంటే ఈ గొడవే లేదు. అవి పాడుచేసి, ఇవి పట్టుకుపోయావు. అవునా?"

"పాడు చెయ్యలేదు సార్. టేపు మీద రాశాక, సరిగ్గా రాసిందో లేదో మళ్ళీ మొత్తం చదివి సరిచూడాలి. రాయడానికి ఎంతసేపో చదవడానికీ అంతసేపు. దాన్ని ఆపేస్తే పని సగం సమయంలో అయిపోతుంది కదా అని... ఏడాదిగా ఆపేశాను."

ఆ మాటతో తలుపు భళ్ళున తెరుచుకుంది. బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారు ఎంతసేపటి నుంచి చెవి ఆనించి వింటోందో గానీ, సరాసరి లోపలికి వచ్చేసింది. చేతిలో సంచీ, కళ్ళకు నల్లద్దాలు. కిందటి నెలే ఇదే ఆసుపత్రిలో శుక్లాలు తీయించుకుంది.

"చూశారా నాయనా! ఇదీ దీని వరస! గ్యాసు కట్టేశావా అంటే కట్టేశానంటుంది, వెళ్ళి చూస్తే సన్నగా వెలుగుతూ ఉంటుంది. తలుపు గడియ పెట్టావా అంటే పెట్టానంటుంది. ఒక్క పనైనా రెండోసారి చూసుకున్న పాపాన పోయిందా? ఎనిమిదేళ్ళ నుంచి దీని వెనకాల తిరిగి నేను సరిచూసుకోలేక చస్తున్నాను. ఇది మూడు రోజులు కూర్చుని, పద్ధతిగా దొంగతనం చేసిందా? దీని మొహానికి అంత ఓపికా?"

"అత్తయ్యా!" అంది కోడలు ఏడుపు గొంతుతో.

"నువ్వు నోర్ముయ్. నిన్ను జైల్లో పెడితే పిల్లదానికి జడెవరు వేస్తారు? నాకా చూపు సరిగా ఆనదు." ముసలావిడ కోపంగా ముక్కు తుడుచుకుంది. "నేను కోర్టు దగ్గరికి పోయి ప్లీడరును పట్టుకుంటాను. ఈ ఎండలో బండి దొరుకుతుందో లేదో." అని కోడలి భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. తూకాలాయన మాత్రం తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ తిడుతూ తిడుతూనే ఒక సాక్ష్యం ఇచ్చి వెళ్ళింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకింకా తెలియడం లేదు.

"ఫోటోలను ఎవరో చదివినట్టు కంప్యూటర్లలో గుర్తులుంటాయి కదమ్మా. అవెలా ఉన్నాయి?"

"నాకూ చూపించారండీ. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మొదలై ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా మొత్తం చదివారు. మళ్ళీ వెంటనే మొదలుపెట్టి మంగళవారం తెల్లవారి ఆరింటి దాకా ఇంకోసారి మొత్తం చదివారు. ఆ తర్వాతే చెరిపేశారు."

"రెండుసార్లా? ఎందుకు?"

"ఇద్దరు కొనేవాళ్ళుండి ఉంటారు, రెండు నకళ్ళు తీసింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎక్స్‌పర్టు చెప్పాడు."

కోడలు మొదటిసారి తలెత్తింది. "రెండు నకళ్ళు కావాలంటే ఒక్కసారి చదివి రెంటికీ రాసుకోవచ్చండీ. రెండోసారి చదివారంటే సరిచూసుకున్నట్టే. అసలు పక్కన నకలు పెట్టుకుని, ఒక్కొక్కటీ పోల్చుకుని..." అంటూ ఆగిపోయింది. తనేం చెబుతోందో తనకే అప్పుడు వినపడినట్టుంది. "నేనైతే చెయ్యనండీ. మా సార్ ఎన్నిసార్లు తిట్టినా నేను చెయ్యలేదు."

"ఏ సారు?"

"ఎక్స్‌పర్టు సారే. మాకు ట్రైనింగు ఇచ్చింది ఆయనే కదండీ. రాసింది చదవకుండా లేస్తే ఆయనకు అన్నం సయించదట."

తూకాలాయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "పైకి వెళ్దాం పదండి."

పై అంతస్తు గదిలో చలికి చేతులు జేబుల్లోకి వెళ్ళిపోయేట్టుంది. ఎత్తయిన ఇనుప చట్రాలు రెండు వరసల్లో ఉన్నాయి. వాటిలో అరలు, అరల్లో డిస్కుల పెట్టెలు. మంగళవారం ఉదయమే పోలీసులు ఈ గదికి తాళం వేశారు. గేటు దగ్గర కూడా అప్పటి నుంచి ప్రతి సంచీ విప్పి చూస్తున్నారు.

వీళ్ళు వెళ్ళేసరికి ఇద్దరు అటెండర్లు నడుం ఎత్తు తోపుడుబండి మీద లక్క సీలు వేసిన పెట్టెను బయటికి నెట్టుకొస్తున్నారు. ఇద్దరూ ఆయాసపడుతున్నారు. వెనకాల నిపుణుడు, "మెల్లగా, మెల్లగా! కుదుపు తగలకూడదు," అంటున్నాడు.

"ఏమిటది?" అన్నాడు తూకాలాయన.

"సాక్ష్యం. ఈవిడ వాడిన కంప్యూటరు, దాంతోపాటు కొత్త డిస్కు పెట్టె ఒకటి. వచ్చే ఏడాది అవసరాలకని మా కంపెనీ సరఫరా చేసింది. వేలిముద్రలేమైనా ఉంటాయేమోనని తీసుకెళ్తున్నా. ఇన్‌స్పెక్టరు గారు సంతకం పెట్టారు."

"దాంట్లో ఏముంది?"

"ఏమీ లేదంకుల్, ఖాళీ. కరెంటు కూడా ఇవ్వలేదు దానికి. బరువు చూస్తారా పోనీ? నలభై కిలోలుంటుంది. రాసిన డిస్కుకీ ఖాళీ డిస్కుకీ గ్రాము తేడా ఉండదు. మీ త్రాసు ఇక్కడ పనిచెయ్యదు."

"నిజమే."

"ఊళ్ళో కూరగాయల కొట్లు బోలెడున్నాయి. మీకు పని దొరక్కపోదు."

"దొరుకుతుందిలే బాబూ. ఆ కొట్లలో రాళ్ళు దొంగవైనా మనుషులు మర్యాదగా మాట్లాడేవాళ్ళు." తూకాలాయన దారిచ్చి పక్కకు జరిగాడు. "ఒక్కటి చెప్పు. లంచ్ బ్యాగులో రోజుకి రెండు మూడు పట్టుకెళ్ళిందన్నావు. ఎప్పుడు మొదలుపెట్టి ఉంటుంది?"

"శనివారం వచ్చిందిగా. అప్పటి నుంచే."

"శనివారం ఒక్కరోజేగా వచ్చింది?"

నిపుణుడి మొహంలో మొదటిసారి చిన్న మడత పడింది. "అది మీరు ఆవిణ్ణి అడగాలి. నన్ను కాదు. లేటవుతోంది సార్, ల్యాబు దూరం," అని ఇన్‌స్పెక్టరుకు చెయ్యెత్తి, బండి వెనకాలే లిఫ్టులోకి వెళ్ళిపోయాడు.

"అతనితో పెట్టుకోకండి. నాకున్నది ఒక్కడే," అన్నాడు ఇన్‌స్పెక్టరు చిరాగ్గా.

తూకాలాయన వినిపించుకోలేదు. ఆయన నేల చూస్తున్నాడు. నేలంతా రెండడుగుల చదరపు పలకలు పరిచి ఉంది. ఎక్కువ పలకలకు చిల్లుల్లేవు. అక్కడక్కడ కొన్నింటికి మాత్రం జల్లెడలా చిల్లులున్నాయి, వాటిలోంచి చల్లగాలి కొడుతోంది. ఆయన వంగి ఒక్కోదాని మీద చెయ్యి పెడుతూ నడిచాడు. వరస చివర ఒక చట్రంలో అర ఖాళీగా ఉంది. ఇప్పుడే తీసుకెళ్ళిన పెట్టె ఆ అరలోదే. దాని ముందున్న పలకకు చిల్లులున్నాయి. ప్యాంటు అంచులు రెపరెపలాడేంత గాలి వస్తోంది.

"అమ్మా, ఈ చిల్లుల పలకలు ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు?"

కానిస్టేబులు పక్కన నిలబడ్డ కోడలు ముందుకు వచ్చి చూసింది. "పనిచేసే పెట్టెల ముందు పెడతామండీ. డిస్కులు తెగ వేడెక్కుతాయి కదా. పని చెయ్యనివాటి ముందు మామూలు పలకలే. ఇదేమిటి, ఇక్కడుంది? ఇది ఫోటోల పెట్టె ముందుండాలి." ఆమె గబగబా అవతలి వరసలోకి వెళ్ళి అక్కడి నుంచే అరిచింది. "ఇక్కడ మామూలు పలక ఉందండీ! అందుకే శనివారం గది వేడెక్కి ఏసీ మోగింది!"

"శుక్రవారం పొద్దున ఎక్కడుంది?"

"ఇక్కడే. మధ్యాహ్నం సార్ వచ్చి ఆ కొత్త పెట్టె బిగించారు. ఆయన పని చేస్తుంటే నేను నా పాస్‌వర్డుతో తెరిచిన కంప్యూటరు అలాగే వదిలేసి కిందకెళ్ళి కాఫీ తెచ్చాను."

తూకాలాయన చట్రం వెనక్కి వెళ్ళాడు. ఖాళీ అర వెనకాల రెండు తీగలు వేలాడుతున్నాయి. ఒకటి కరెంటుది. రెండోది లావుపాటి నెట్‌వర్కు తీగ, దాని రెండో కొస ఫోటోల కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్చి పెట్టెలోకే పోయింది. రెండూ ఒకే అంగుళం ఎడంతో క్లిప్పులు పెట్టి, గీత గీసినట్టు కట్టి ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టరు గారూ, కరెంటు కూడా ఇవ్వని పెట్టెకి చల్లగాలి ఎందుకు?"

ఇన్‌స్పెక్టరు వంగి ఆ తీగలు పట్టుకుని చూశాడు.

"దొంగ రెండోసారి చదివి పోల్చుకున్నాడు. అంటే మంగళవారం తెల్లవారి ఆరింటి దాకా నకలున్న డిస్కులన్నీ ఈ గదిలోనే, ఈ తీగలకే తగిలించి ఉండాలి. ఒక్కటి తీసినా పోలిక కుదరదు. లంచ్ బ్యాగు కథ అక్కడితో సరి. తర్వాత మీరొచ్చి గదికి తాళం వేశారు, గేటు కాపలా పెట్టారు. మరి సరుకు ఎప్పుడు బయటికి పోయింది?"

"పోలేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంటూనే అతని చూపు ఖాళీ అర మీదికి పోయింది.

"ఇంతసేపూ పోలేదు. కంప్యూటరును చదవమనడానికీ చెరపమనడానికీ ఇంట్లో కూర్చుని ఒక్క బటను నొక్కినా చాలు. సరుకు మోసుకెళ్ళడం దగ్గరే ఎవడికైనా చిక్కు. నలభై కిలోల పెట్టెను కుదుపు తగలకుండా, సోదా లేకుండా గేటు దాటించేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు? పోలీసులే. అందుకే దొంగతనం జరిగినట్టు తెర మీద రాసి మరీ మిమ్మల్ని పిలిపించుకున్నాడు. దొంగతనం సెలవుల్లో జరగలేదండీ. పావుగంట క్రితం, మన ముందే, మీ సంతకంతో జరిగింది. నేను పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాను."

ఇన్‌స్పెక్టరు ఫోను తీసి నిపుణుడికి కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. గేటుకు చేశాడు. కారు పది నిమిషాల కిందటే వెళ్ళిపోయిందన్నారు, సీలు చూసి సెల్యూట్ కూడా కొట్టామన్నారు. అతను నోటికొచ్చిన తిట్టు తిట్టి, వైర్‌లెస్సు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"సైరన్లు వద్దని చెప్పండి," అన్నాడు తూకాలాయన. "అసలు చెరిగిపోయింది, టేపులు సగం పోయాయి. పద్దెనిమిదేళ్ళ ఫోటోలు మొత్తంగా ఇప్పుడున్నది ఆ కారులో మాత్రమే. మనకు తెలిసిపోయిందని వాడికి తెలిస్తే ఆ పెట్టె ఏ కాలవలోకో విసిరేస్తాడు. సాక్ష్యమూ పోతుంది, రోగుల కళ్ళ చరిత్రా పోతుంది. తెలియనంతసేపూ గాజుబొమ్మలా చూసుకుంటాడు. చప్పుడు కాకుండా చుట్టుముట్టాలి."

ఇన్‌స్పెక్టరు అలాగే చెప్పాడు. తర్వాత కానిస్టేబులుతో, "ఆవిణ్ణి వదిలెయ్యి. కోర్టు లేదు, ఏమీ లేదు," అన్నాడు. తన ఫోను తీసి కోడలి చేతిలో పెట్టాడు. "ఇంట్లోవాళ్ళకు చెప్పుకో అమ్మా."

ఆమె నంబరు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి కలిసింది. ఎదుటివాళ్ళ చెవుల తుప్పు వదిలించే గొంతు అత్తగారిది. స్పీకరు అక్కర్లేకుండానే గదంతా వినబడింది.

"ఎవరూ?"

"నేనే అత్తయ్యా! నన్ను వదిలేశారు! నేను కాదని తేలిపోయింది!" కోడలు ఏడుస్తూ నవ్వుతోంది. "మీరు ప్లీడరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు, ఇంటికి వెళ్ళిపోండి!"

"వదిలేశారా! అమ్మయ్య! నా తల్లే!" అవతల ముసలావిడ ఆగకుండా అందుకుంది. "నాకు బండి దొరక్కపోతే గేటు దగ్గర పోలీసుల ముందే ఈ ఎక్స్‌పర్టు బాబును అడిగాను, కోర్టు దగ్గర దింపుతానని కారెక్కించుకున్నాడే. కాళ్ళు చాపుకోడానికి చోటు లేదు, ఏదో పెట్టె అడ్డం పెట్టాడు. ఊరు దాటి ఎటు పోతున్నాం నాయనా అంటే దగ్గర దారంటున్నాడు. సర్లే, అసలు దొంగ ఎవడో తెలిసిందా? ఎవడే వాడు? గట్టిగా చెప్పు, ఈ బాబు కూడా వింటాడు."

కోడలు నోరు తెరిచింది. తూకాలాయన వద్దని చెయ్యి ఊపుతున్నాడు, ఇన్‌స్పెక్టరు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఫోనులో కాసేపు కారు చప్పుడొక్కటే వినిపించింది.

"పిన్నిగారూ," అంది మగగొంతు, మర్యాదగా. "ఫోను ఒకసారి ఇటివ్వండి."